పంపు కింది చిల్లు

రవిచంద్రన్‌కు సర్కారు జీతం ఇస్తున్నదే కారేవాటిని ఆపమని. పీడబ్ల్యూడీ మంచినీళ్ళ సెక్షనులో ఫిట్టరుగా చేరి ఇరవై నాలుగేళ్ళయింది. పుదుచ్చేరి టౌనులో ఏ వీధి పైపు ఏ మలుపులో కక్కుతుందో ఆఫీసులోని ప్లాను కాగితాలకు తెలియకపోయినా అతనికి తెలుసు. అలాంటి మనిషి సొంత బండి కింద, కింది వరండా గచ్చు మీద, ఒక శనివారం పొద్దున రూపాయి బిళ్ళంత పచ్చటి మరక కనిపించింది. ఎవరైనా చూస్తారేమోనని మొదట కాలితో తుడిచేశాడు. నీళ్ళ సెక్షను వాడి ఇంట్లోనే కారుతోందంటే నలుగురిలో తలెత్తుకోవడమెలా? ఆ నలుగురూ అతని గడప తొక్కి ఏడాది కావస్తోందన్న సంగతి ఆ క్షణానికి అతనికి గుర్తు రాలేదు.

తుడిచిన తడిని వేలికి అద్దుకుని వాసన చూశాడు. తియ్యగా ఉంది. పెట్రోలు కాదు, ఇంజనాయిలు కాదు, కూలెంటు. ఆ బండి అందరి బండ్లలాంటిది కాదు. ముందు చక్రం వెనకాల కార్లకు ఉన్నట్టు చిన్న రేడియేటరు ఉంటుంది. పచ్చ నీళ్ళు ఇంజను చుట్టూ తిరిగి వేడిని మోసుకొచ్చి అందులో చల్లబడి మళ్ళీ లోపలికి పోతాయి. పైపులు మోసుకుని సందుల్లో తిరిగే ఫిట్టరుకు అంత బండి దేనికని షోరూములో అతనే అన్నాడు. పక్కన నిలబడ్డ తేన్మొళి ఒప్పుకోలేదు. "ఎప్పుడూ ఊరోళ్ళ నీళ్ళే చూస్తా ఉంటావు. నీ బండికి కూడా నీళ్ళు ఉండనీలే" అని ఎర్ర రంగుది చూపించింది. ఆ ఎర్రబండి మీద ఆమె ఐదేళ్ళు అతని వెనక కూర్చుని తిరిగింది. పోయినేడు తై నెలలో, సంక్రాంతి వెళ్ళగానే, వైరల్ జ్వరం అనుకున్నది నాలుగో రోజుకు మనిషిని తీసుకుపోయింది. పిల్లల్లేరు. ముదలియార్‌పేటలో చెంగమ్మ గారి మేడమీది వాటాలో ఇక అతనొక్కడే మిగిలాడు. ఆమెవని చెప్పుకోవడానికి ఒక ఇనప బీరువా, ఈ బండి. బీరువా తెరవడానికి మనసు రాదు కాబట్టి బండినే రోజూ తుడిచేవాడు.

మామూలుగా అయితే ఆ మరక చూసిన మరుక్షణం బండిని రెండు వీధుల అవతల గురు షాపుకు తోసేవాడు. గురు మెకానిక్కు. అంతకంటే ముందు స్నేహితుడు. ఒకే బడి, ఒకే బెంచీ, ఒకే ఏడాది ఫెయిలు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం మాట్లాడే కుటుంబాలే రెండూ. గురు కూతురు అభినయను చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని బడిలో దింపింది రవిచంద్రన్. ఆ పిల్లకు తల దువ్వి జడ వేసింది తేన్మొళి. బండికి ఈ ఆరేళ్ళలో గురు తప్ప వేరొకరు స్పానరు తగిలించలేదు.

కానీ ఆ షాపుకు వెళ్ళేది లేదు. వెళ్ళి పది నెలలైంది.

జరిగిందేమిటంటే, తేన్మొళి పోయిన నాలుగో నెలలో అభినయ పెళ్ళి. గురు, అతని భార్య రంగమ్మాళ్ వెండి పళ్ళెంలో తాంబూలం, పత్రిక పెట్టుకుని వీధి వీధంతా తిరిగి పిలిచారు. కింద చెంగమ్మను పిలిచారు. మెట్లెక్కి పైకి మాత్రం రాలేదు. చావు జరిగిన ఇంటికి ఏడాది తిరగనిదే శుభకార్యం పిలుపు తీసుకెళ్ళకూడదన్నది వాళ్ళలో కట్టుబాటు. అది రవిచంద్రన్‌కు తెలియనిది కాదు. తన తల్లి పోయిన ఏడు అతను కూడా ఏ పెళ్ళికీ పోలేదు, ఎవరూ పిలవలేదు, అతను ఏమీ అనుకోలేదు. కానీ మెట్ల కింద గురు గొంతు వినపడి, చెంగమ్మతో నవ్వి మాట్లాడి, మళ్ళీ చెప్పుల చప్పుడు గేటు దాటిపోయేదాకా అతను పైన తలుపు దగ్గర నిలబడే ఉన్నాడు. చొక్కా కూడా వేసుకున్నాడు. ఆ చొక్కా వేసుకోవడమే అతను క్షమించుకోలేకపోయాడు.

పళ్ళెం లేకుండానైనా రావచ్చుగదా, గడప బయట నిలబడి ఒక మాటైనా చెప్పి పోవచ్చుగదా అని కుమిలాడు. పెళ్ళి మర్నాడు రంగమ్మాళ్ తానే క్యారియరు నిండా పెళ్ళి భోజనం పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. "నాకు తిండికేం కరువు లేదమ్మా" అని మూత తీయకుండానే తిప్పి పంపేశాడు. పాపం, ఆమె మొహం చిన్నబోయింది. ఆ రోజునుంచి అతను గురు వీధిలో నడవడం మానేశాడు. టీ వేరే కొట్లో. మంగలి వేరే షాపులో. ఆఫీసుకు పోవడానికి పెద్ద చుట్టు తిరిగే దారి.

కాబట్టి బండి తనే బాగు చేసుకోవాలి. అందులో ఇంకో ఉద్దేశం కూడా ఉంది, అది అతను ఎవరితోనూ అనలేదు. బండి ఒక్కటి చేతికొస్తే తనకిక ఎవరితోనూ పని లేదు. వంట వచ్చింది, బట్టలు ఉతకడం వచ్చింది. ఇది కూడా వచ్చేస్తే లోకానికి ఒక దండం పెట్టి తలుపేసుకోవచ్చు.

ఫోనులో వీడియో వెతికాడు. అరవంలో ఒక మీసాల మనిషి, చేతికి నల్ల గ్లవుసులు. ప్రతిసారీ "వణక్కం నన్బర్గళే", నమస్కారం మిత్రులారా, అని మొదలుపెడతాడు. మొదటిసారి చూసినప్పుడు రవిచంద్రన్ ఊరికే విన్నాడు. నాలుగోసారి చూసేటప్పుడు తెలియకుండానే "వణక్కం" అని బదులిచ్చాడు. అన్నాక తనకే సిగ్గేసి ఇటూ అటూ చూశాడు. కానీ తర్వాత ప్రతిసారీ అన్నాడు. ఇంట్లో పొద్దున్నుంచి అతని గొంతు పలికిన మాట అదొక్కటే మరి.

ఇంజను చల్లారేదాకా ఆగాలని, వేడి మీద రేడియేటరు మూత తిప్పితే మొహం కాలుతుందని మీసాల మనిషి చెప్పాడు. రవిచంద్రన్ ఆదివారం పొద్దున దాకా ఆగాడు. పాత బేసిను కింద పెట్టి, మూత తీసి, పచ్చ నీళ్ళు దించాడు. రేడియేటరు కింది గొట్టం ఇంజనులోకి దూరే చోట రబ్బరు మీద ఉప్పు పేరుకున్నట్టు తెల్లగా గట్టిపడి ఉంది. "దొరికినావు" అన్నాడు దానితో. బిగించే క్లాంపు స్క్రూ అరిగిపోయి ఊరికే తిరుగుతోంది. ఆదివారం కావడంతో స్పేరుపార్టుల కొట్లు మూత. అదీగాక కొత్త క్లాంపు కోసం ఎదురుచూసే ఓపిక అతనికెప్పుడూ లేదు. నీళ్ళ సెక్షనులో సామాను వచ్చేదాకా ఆగితే ఊరు ఎండిపోతుంది.

పాత సైకిలు ట్యూబు పొడుగ్గా చీల్చాడు. గొట్టం అతుకు మీద లాగి లాగి చుట్టాడు. దాని మీద జనపనార దారం, ఎడమనుంచి కుడికి, పక్కపక్కనే ఆనుకునేట్టు, సందు లేకుండా. చివర ముడి వేయకుండా ఆఖరి చుట్టు కిందికి దూర్చి లాగాడు. ఇరవై నాలుగేళ్ళుగా చేతికి అలవాటైన పని. సగం టౌను గోడల వెనక అతని దారం చుట్లు ఉన్నాయి, ఎవరూ చూడనివి. బోరు నీళ్ళు పోస్తే లోపల గార కడుతుందని అతనికి ఎవరూ చెప్పనక్కర్లేదు. పోయిన సర్వీసులో మిగిలిన కూలెంటులో బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటరు కలిపి నింపాడు. బండి కింద దినపత్రిక పరిచాడు.

సాయంత్రానికి పత్రిక మీద మళ్ళీ ఒక పచ్చ చుక్క.

ఈసారి చుక్క వేరే చోటు. నేలమీద వెల్లకిలా పడుకుని టార్చి వేసి చూస్తే, ఇంజను కుడివైపు నీళ్ళు తిప్పే చిన్న పంపు ఉన్నచోట, దాని కింద సన్నటి చిల్లు కనపడింది. పెన్సిలు ములుకు పట్టేంత. దాని అంచున ఒక బొట్టు ఊరి, బరువెక్కి, జారి పడుతోంది. చిల్లు చుట్టూ అంచు నున్నగా ఉంది. ఏదో స్క్రూ ఊడి ఎక్కడో పడిపోయి ఉంటుందనుకున్నాడు. మీసాల మనిషిని అడుగుదామని వీడియో చివరిదాకా చూస్తే, "పంపు సంగతి వచ్చే వీడియోలో చూద్దాం" అని నవ్వి చెయ్యూపాడు. ఆ వచ్చే వీడియో ఇంకా రాలేదు. కింద కామెంటులో రవిచంద్రన్ అరవంలో పెద్ద ప్రశ్న రాశాడు. చిల్లు ఎక్కడుందో, ఎంతుందో, గంటకు ఎన్ని బొట్లో, బండి ఏ సంవత్సరానిదో, ఎవరు కొనిపించారో కూడా. గంట తర్వాత జవాబు వచ్చింది. ఒక దండం బొమ్మ, ఒక గులాబీ పువ్వు.

సరే, చిల్లులోంచి నీళ్ళు కారితే ఏం చేయాలో ఒకడిని అడగాలా? అదీ ఇరవై నాలుగేళ్ళ ఫిట్టరు! డబ్బాలోంచి పైపుల చిల్లులు పూడ్చే ఎంసీల్ తీశాడు. తెల్ల ముద్ద, నల్ల ముద్ద కలిపి ఒకే రంగు వచ్చేదాకా పిసికాడు. చిల్లు చుట్టూ గరుకుకాగితంతో గీరి, గుడ్డతో తుడిచి, ముద్ద పెట్టి లోపలికి అదిమాడు. పైన తడి బొటనవేలితో గుండ్రంగా నిమిరాడు. ఊళ్ళో ఏ కుళాయి దిమ్మె దగ్గరైనా ఆ నిమురుడు చూస్తే అది రవి పని అని సెక్షనులో వాళ్ళు చెప్పేస్తారు.

సోమవారం పొద్దున పత్రిక పొడిగా ఉంది. మంగళవారం కూడా. ఆ పొడి కాగితాన్ని రవిచంద్రన్ పరీక్ష పాసైన కాగితంలా చేతిలో పట్టుకుని కాసేపు వరండాలో నిలబడ్డాడు. ఎవరికైనా చూపించాలనిపించింది. అలాంటివి తేన్మొళికి చూపించేవాడు, ఆమె చూడకుండానే "బాగుంది" అనేది. ఎట్టకేలకు తులసి చెట్టుకు నీళ్ళు పోయడానికి చెంగమ్మ బయటికొస్తే ఆమెకు చూపించాడు.

"ఏంది తంబీ ఇది, ఉత్త పేపరు?" అందామె.

"ఉత్త పేపరే అక్కా. ఒక చుక్క లే. బండి కారతా ఉండె, నేనే ఆపేసినా."

"నువ్వేనా? మెకానిక్ లేకుండానా?"

"మెకానిక్ ఎందుకక్కా? ఎవురూ అక్కర్లే."

చెంగమ్మ చెంబు కింద పెట్టింది. "అవునులే. గురు కూడా పాపం..."

"ఆ పేరు నా దగ్గిర ఎత్తొద్దక్కా" అన్నాడు రవిచంద్రన్. ఆమె ఇంకా ఏదో అనబోతే కాగితం మడిచి జేబులో పెట్టుకుని బండి తీశాడు.

ఇది మొదటిసారి కాదు. ఆఫీసులో త్యాగరాజన్ ఒకసారి "మీ గురుకి..." అని మొదలుపెడితే టీ గ్లాసు అక్కడే వదిలి లేచి వెళ్ళిపోయాడు. మంగలి అదే పేరు ఎత్తితే సగం గీసిన గడ్డంతో లేచాడు. కొన్నాళ్ళకు జనం మానేశారు. తెలిసే ఇలా ఉన్నాడని కొందరు, ఎంత రాతిగుండెరా అని కొందరు అనుకున్నారు. మూడు వీధుల్లో అందరికీ తెలిసిన సంగతి తనొక్కడికి అందకుండా కట్టడి చేయడానికి ఆ శ్రమంతా అతనే పడ్డాడు.

గురువారం వైతికుప్పంలో పైపు పగిలింది. సముద్రం పక్క ఇసకలో నడుంలోతు గుంట తవ్వి, నలుగురు కలిసి అతికేసరికి పదకొండు దాటింది. పంగుని నెల, మార్చి చివరి ఎండ. తిరిగొస్తుంటే బండి శబ్దం తేడాగా ఉంది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు. ఆ శబ్దం బుధవారం నుంచే ఉందని, తను విననట్టు నటించాడని అప్పుడు ఒప్పుకున్నాడు. కడలూరు రోడ్డు మీద రైల్వే గేటు దగ్గర బండి మీటర్లో వేడెక్కిందని చెప్పే ఎర్ర దీపం వెలిగింది. గేటు తెరిచేలోపే ఇంజను ఒకసారి గట్టిగా దగ్గి ఆగిపోయింది. వెనక హారన్లు. పక్కకు తోసి, వంగి చూశాడు. కింద ఒక్క చుక్క కూడా కారలేదు. చిల్లు మీద పెట్టిన ముద్ద చెక్కు చెదరలేదు. మరి ఏమైనట్టు? ఇంజను పక్కన ఆయిలు ఎంతుందో చూసే చిన్న గాజు కిటికీ మీద మట్టి తుడిచాడు. లోపల నల్లగా ఉండాల్సిన ఆయిలు పాలు ఎక్కువైన కాఫీలా ఉంది.  ఏమి జరిగిందో తెలియలేదు కానీ తన చేత్తోనే జరిగిందని తెలిసింది. ఆమె వేలు పెట్టి చూపించిన బండి ఇది. దీన్ని కూడా పోగొట్టుకుంటే ఇంటికెళ్ళి ఏం తుడవాలి?

తోయడం మొదలుపెట్టాడు. నూట నలభై కిలోల బండి, నడినెత్తిన ఎండ. ఎప్పుడూ తిరిగే చుట్టుదారికి మళ్ళితే అక్కడ అడ్డంగా తాడు కట్టి, ఎర్ర గుడ్డ వేలాడదీసి ఉంది. అతను పనికి పోయాక రోడ్డంతా తవ్వేశారు. కొత్త పైపు వేస్తున్నారు. తవ్వింది తన సెక్షను వాళ్ళే. తాడు కట్టింది త్యాగరాజన్ అయ్యుంటాడు, ముడి చూస్తే తెలుస్తోంది. రవిచంద్రన్ ఆ గుంట వైపు చూసి ఒక బూతు మాట అన్నాడు. ఇక మిగిలింది గురు వీధి ఒక్కటే.

తల పక్కకు తిప్పుకుని గబగబా దాటిపోదామనుకున్నాడు. ఎండలో అంత బండి తోస్తూ గబగబా ఎక్కడ పోతాడు? షాపు దగ్గరికి వచ్చేసరికి ఎంత వద్దనుకున్నా కన్ను అటు పోయింది. షట్టరు దించి ఉంది. దాని మీద దుమ్ము చారలు. ఎప్పుడూ పది బండ్లు అడ్డదిడ్డంగా నిలబడే చోట ఎవరో బియ్యప్పిండితో వడియాలు ఎండబెట్టారు. షట్టరు ముందు నీడలో స్టూలు మీద గురు కూర్చుని ఉన్నాడు. ఉతికిన తెల్ల చొక్కా. అతని ఒంటి మీద తెల్ల చొక్కా అభినయ పెళ్ళిలో రవిచంద్రన్ చూడాల్సింది. కళ్ళకు నల్లద్దాలు.

గురు తల ఎత్తాడు. మొహం రవిచంద్రన్ వైపు కాకుండా కొంచెం పక్కకు తిరిగింది.

"ఎవురు సార్? ఇంత ఎండలో తోసుకోని వస్తుండారే. చెయిను కూడా వదులుగా ఉన్నట్టుంది."

రవిచంద్రన్ ఆగిపోయాడు. సార్ అంటున్నాడు. తనను సార్ అంటున్నాడు.

"షాపు లేదు సార్, మూసేసినాం. షుగరు వచ్చి కండ్లు పోయినాయి" అన్నాడు గురు, రోజూ ఎవరో ఒకరికి చెప్పే మాట చెప్పినట్టు. "అయినా నిలబెట్టండి. ఊరికే ఉండేదానికి చెయ్యి పెట్టి చూస్తా. ఏం చేసింది బండి?"

రవిచంద్రన్ నోరు తెరిచాడు. గొంతు వింటే గుర్తుపడతాడని మళ్ళీ మూసుకున్నాడు. పారిపోవచ్చు, తను ఎవరో వాడికి తెలియదు. ఆ ఆలోచన రావడం, దానికి తన మీద తనకే అసహ్యం కలగడం రెండూ ఒకేసారి జరిగాయి. స్టాండు వేశాడు. ఆ చప్పుడు పట్టుకుని గురు లేచి, చేతులు ముందుకు చాపి, నాలుగడుగులు కొలిచినట్టు వేసి బండిని అందుకున్నాడు.

"అబ్బా, కాలతా ఉంది" అని చెయ్యి తీసి, మళ్ళీ పెట్టాడు. "ఓహో, నీళ్ళ బండి. పేరు చెప్పరు, ఊరు చెప్పరు, మాట రాని సారా మీరు? సరిసరి."

గొంతుక్కూర్చుని రేడియేటరు రేకుల మీద వేలి కొసలు జార్చాడు. కింది గొట్టం పట్టుకున్నాడు. సైకిలు ట్యూబు తగిలింది. దాని మీది దారం తగిలింది. అక్కడ అతని వేళ్ళు నెమ్మదించాయి. చుట్టు చుట్టునూ తడుముతూ ఎడమనుంచి కుడికి పోయి, చివర ముడి కోసం వెతికి, ముడి లేకపోతే ఆగాడు. చెయ్యి కిందికి, పంపు దగ్గరికి పోయింది. గట్టిపడిన ముద్ద దొరికింది. బొటనవేలు దాని మీద పెట్టి గుండ్రంగా ఒకసారి తిప్పాడు, సరిగ్గా పెట్టినవాడు నిమిరినట్టే.

చెయ్యి అక్కడినుంచి తీసి ఇంజను పక్కకు పోనిచ్చాడు. 

"ఆయిలు మూత తీయి" అన్నాడు. సార్ అనలేదు.

రవిచంద్రన్ తీశాడు. గురు లోపలికి వేలు పెట్టి, బయటికి తీసి, బొటనవేలితో రుద్ది, వాసన చూసి చొక్కాకే తుడుచుకున్నాడు. తెల్ల చొక్కా మీద కాఫీ రంగు గీత పడింది.

"ఈ చిల్లు కంపెనీవాడు కావాలని పెట్టింది రా" అన్నాడు. "పంపు లోపల సీలు అరిగితే నీళ్ళు దీంట్లోనించి బయటికొచ్చి నీకు చెప్తాది, నాకు బాగాలేదు చూడు అని. అది కారతా ఉంటే ఇంజనుకి ఏమీ కాదు. నువ్వు దాని నోరు మూసినావు. నీళ్ళు యాడికి పోతాది? లోపలికి పోయి ఆయిల్లో కలిసింది." గట్టిపడిన ముద్ద మీద గోటితో తట్టాడు. "మెకానిక్ ఎవుడూ ఈ పని చేయడు. పీడబ్ల్యూడీ వాడు చేస్తాడు. రవీ."

"ఊ" అన్నాడు రవిచంద్రన్.

"వచ్చినావా?"

"బండి ఆగిపోయింది రా. ఆ పక్క రోడ్డు తవ్వేసినారు. లేకుంటే..." అబద్ధం చెప్పలేకపోయాడు. "లేకుంటే వచ్చేవాణ్ణి కాదు."

గురు తల ఊపాడు. కోపం లేదు. కోపం ఉంటే బాగుండునని రవిచంద్రన్‌కు అనిపించింది.

"పెండ్లికి పిలవలేదని కదా" అన్నాడు గురు. "నిన్ను పిలిస్తే కట్టుబాటు చూడకుండా వచ్చేస్తావని నాకు తెలుసు రా. పిల్లది అంటే నీకు అంత ప్రాణం. పందిట్లో మావోళ్ళు ఎవురన్నా ఒక మాట అంటే నువ్వు తల వంచుకోని పోవాల. అది చూడలేక మెట్లెక్కలే. మరుసటి దినం క్యారియరు పంపిస్తే తిరగ్గొట్టినావు."

"తిరగ్గొట్టినా."

"పెండ్లయిన రెండు నెలలకి, ఆడిలో, కంట్లో రక్తం దిగింది. ఆస్పత్రిలో పదైదు దినాలుంటి."

"నాకు తెలీదు రా. ఎవురూ చెప్పలే" అన్నాడు రవిచంద్రన్. అని, తనే తల అడ్డంగా ఊపాడు. వాడికి కనపడదని గుర్తొచ్చి పైకి అన్నాడు. "లేదు. చెప్పేదానికి వస్తే నేనే విన్లే. నన్ను పిలవలేదు కదా అని..."

"పెండ్లికి పిలవాల. కష్టానికి ఎవురన్నా పళ్ళెం తీసుకోని వచ్చి పిలస్తారా రవీ? తేన్మొళి పోయిన దినం నన్ను నువ్వు పిలిచినావా? నేనే కదా ముందర వచ్చినా."

నిజమే. ఆ రోజు ఆస్పత్రి వాకిట్లో కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా పరుగెత్తుకొచ్చినవాడు గురునే. రవిచంద్రన్ హ్యాండిలు పట్టుకునే నిలబడ్డాడు.  పది నెలలు తను కడుపులో దాచుకుని కాపాడుకున్న కోపమంతా ఇప్పుడు ఎవరి మీద పెట్టాలో తెలియలేదు.

"ఇంజను పోయిందా?" అని అడిగాడు. వేరే ఏమి అడగాలో తెలియక.

"తెలీదు. ఆయిలంతా దించి కడగాల. పంపు విప్పి సీలు మార్చాల. నాకు చూపు లేదు, నీకు తెలివి లేదు. ఇద్దరమూ కూచుంటే ఒక మనిషి పని అవతాది." గురు చిన్నగా నవ్వాడు. వెంటనే నవ్వు ఆగిపోయింది. బండి మీద చెయ్యి పెట్టుకునే, రోడ్డు వైపు మొహం తిప్పి మాట్లాడాడు. "దీపావళి దాకా మసగ్గా తెలస్తా ఉండె రా. అది కూడా పోతాదని డాక్టరు ముందే చెప్పేసినాడు. అందుకని ఎవురొచ్చినా పక్కన కూచోబెట్టుకోని మొగం బాగా చూసి పెట్టుకుంటి. రంగమ్మాళ్‌ని, పిల్లదాన్ని, అల్లుణ్ణి, వీధిలో వాళ్ళందరినీ. నువ్వు ఇయ్యాల వస్తావు, రేపు వస్తావని దినమూ ఈడనే కూచోనుంటి."

రవిచంద్రన్ హ్యాండిలు వదిలేశాడు.

"నీ మొగం ఒకటే చూసుకోలే" అన్నాడు గురు.

 రవిచంద్రన్ బండి పక్కన నేలమీద కూలబడ్డాడు. పది నెలలు రెండు వీధుల దూరంలో ఉన్నాడు. ఏ సాయంత్రమైనా చొక్కా వేసుకుని నడిచొస్తే ఐదు నిమిషాలు. ఇక ఎన్నిసార్లు నడిచొచ్చినా ఆ పని జరగదు. క్షమించరా అందామనుకున్నాడు, ఆ మాట మరీ చిన్నదిగా తోచి ఊరుకున్నాడు. ఏడుపు వచ్చింది. ఆపుకోలేదు.

గురు ఆ చప్పుడు విన్నాడు. తర్వాత తడుముకుంటూ అతని పక్కనే నేలమీద కూర్చున్నాడు.

"చిక్కినావా?" అని అడిగాడు.

"చిక్కినా."

"గడ్డం?"

"నెరిసిపోయింది రా. ముందర నెత్తి కూడా పోయింది."

"ఇంకా?"

"అద్దంలో సరిగ్గా చూసుకోని చానా దినాలైంది" అన్నాడు రవిచంద్రన్.

"అయితే చూసి చెప్పు" అన్నాడు గురు. "మెల్లిగా చెప్పు. నాకేం పని లేదు."

రవిచంద్రన్ బండి అద్దం తన వైపు వంచుకున్నాడు. చొక్కా చేతితో మొహం తుడుచుకుని, నుదుటి దగ్గర మొదలుపెట్టాడు.